స్టెంట్ వేయించమంటారా, ఇంటికి తీసుకెళ్లిపోమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తెనాలి. మా నాన్నకు 62 ఏళ్లు. ఏడు నెలల కిందట కామెర్లు వస్తే పరీక్షలు చేసి పాంక్రియాస్ తల భాగంలో క్యాన్సర్ అన్నారు. అప్పటికే లివర్‌కు పాకింది. పిత్తనాళంలో మెటల్ స్టెంట్ వేసి కీమో మొదలుపెట్టారు. నీరసం తట్టుకోలేకపోతుంటే రెండు నెలల కిందట ఆపేశాం. ఇప్పుడు మూడు వారాలుగా విరేచనం నల్లగా అవుతోంది. హిమోగ్లోబిన్ 5.8కి పడిపోతే రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీ చేసి, గడ్డ చిన్నపేగులోకి వచ్చేసిందని, అక్కణ్నుంచే రక్తం ఊరుతోందని చెప్పి కాల్చారు. ఐదు రోజులకే మళ్లీ మొదలైంది. తిన్నది తరచూ వాంతి అయిపోతోంది. ఇప్పుడు అక్కడ కవర్డ్ స్టెంట్ వేస్తే రక్తం ఆగొచ్చంటున్నారు. స్టెంట్ అంటే మూసుకుపోయిన దారి తెరవడానికి కదా, రక్తం ఎలా ఆపుతుంది? కాలిలో రక్తం గడ్డకట్టిందని రోజూ పొట్ట మీద ఇంజెక్షన్ కూడా చేస్తున్నాం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఎంతైనా సరే చేయించమంటాడు, కీమో మళ్లీ పెట్టించమంటాడు. బాబాయి "ఇంకా ఎందుకమ్మా హింస, ఇంటికి తీసుకొచ్చెయ్" అంటున్నాడు. నాన్నకు "పేగులో పుండు" అని మాత్రమే చెప్పాం. మాకేం తోచడం లేదు.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ డాక్టర్లు చెప్పిన ఆలోచన సరైనదే. మీరు రాసిన దాన్నిబట్టి, ముఖ్యంగా వాంతులు కూడా ఉన్నాయి కాబట్టి, నేనైతే స్టెంట్ వైపే మొగ్గుతాను. అయితే వేసేముందు రెండు సంగతులు తేలాలి. రక్తం నిజంగా గడ్డ పైభాగం నుంచే వస్తోందా అన్నది ఒకటి. కొత్త స్టెంట్ వేస్తే, లివర్ నుంచి పాత స్టెంట్‌లోంచి పేగులోకి వచ్చే పిత్తరసం దారి ఏమవుతుందన్నది రెండోది. నాన్నగారి ఇష్టం తెలుసుకోవడం వీటికంటే ముందే జరగాలి. దాని గురించి తర్వాత రాస్తాను.

పాంక్రియాస్ తల భాగాన్ని చిన్నపేగు మొదటి భాగం, అంటే డుయోడినమ్, మూడు వైపులా చుట్టుకుని ఉంటుంది. మధ్యలో గడ్డ పెరిగితే అది పేగు గోడను తొలుచుకుని లోపలికి వచ్చేస్తుంది. ఒకవైపు దారి ఇరుకవుతుంది, అందుకే వాంతులు. ఇంకోవైపు గడ్డ పైభాగం పుండు పడి రక్తం ఊరుతుంది. మామూలు రక్తనాళం తెగితే ముడుచుకుని కాసేపటికి తనంతట తాను మూసుకుంటుంది. క్యాన్సర్ గడ్డలో కొత్తగా పుట్టుకొచ్చే నాళాలకు ఆ గుణం ఉండదు. పలచగా, ఎక్కడ తగిలితే అక్కడ చిట్లేలా ఉంటాయి. దానికి తోడు ఆమ్లం, పిత్తరసం, తిన్న అన్నం అన్నీ ఆ పుండు మీదుగానే వెళ్తాయి.

మీ నాన్నగారికి కాల్చినా ఆగకపోవడం డాక్టర్ పనితనంలో లోపం కాదు. ఆర్గాన్ వాయువుతో కాల్చే పద్ధతి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే పనిచేస్తుంది. ఆ పొర రాలిపోయాక కింద మళ్లీ గడ్డే ఉంటుంది. క్లిప్పులు వేద్దామంటే పట్టుకోవడానికి గట్టి కండ ఉండదు. గడ్డ నుంచి వచ్చే రక్తం ఒకసారి ఆగినా మళ్లీ మొదలవడం మేం తరచూ చూసేదే.

ఇక స్టెంట్ రక్తాన్ని ఎలా ఆపుతుందంటారా? వేలు తెగితే గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటామే, అలాగే. ఈ స్టెంట్ నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే లోహపు తీగలతో అల్లిన గొట్టం. సన్నటి గొట్టంలో మడిచి ఎండోస్కోప్‌ ద్వారా లోపలికి పంపి వదిలితే మెల్లగా తెరుచుకుంటుంది. పూర్తిగా విచ్చుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పుడు వెడల్పు సుమారు రెండు సెంటీమీటర్లు. మామూలు స్టెంట్‌లో తీగల మధ్య ఖాళీలుంటాయి. కవర్డ్ స్టెంట్‌కైతే సిలికాన్ లాంటి పొర తొడుగుతారు. ఆ పొర వల్లే పుండు మీద చుట్టూ సమానంగా ఒత్తిడి పడుతుంది. పైగా ఆమ్లం, అన్నం గడ్డకు తగలకుండా లోపలి గొట్టంలోంచి వెళ్లిపోతాయి. రక్తం అదుపులోకి రావడంతో పాటు దారి కూడా తెరుచుకుంటుంది కాబట్టే వాంతులున్న మీ నాన్నగారి విషయంలో నాకు ఇది నచ్చింది. ఇరుకు అసలు లేకుండా ఉత్త రక్తం మాత్రమే పోతుంటే నేను ఇంత సులువుగా ఒప్పుకునేవాణ్ని కాదు. పట్టుకోవడానికి ఇరుకు లేకపోతే పొర ఉన్న స్టెంట్ జారి కిందికి పోతుంది.

నొక్కి పెట్టి రక్తం ఆపడం కొత్త ఆలోచనేమీ కాదు. అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తం ఆగనప్పుడు కొద్ది రోజుల కోసం కవర్డ్ స్టెంట్ వేస్తాం. పిత్తనాళంలో రక్తస్రావమైనా వేస్తాం. కానీ గడ్డ చిన్నపేగులోకి వచ్చి రక్తం పోతున్నప్పుడు వేసిన అనుభవం తక్కువ. వైద్య పత్రికల్లో వచ్చినవి ఎక్కువగా ఒక్కో రోగి వివరాలు, కొద్దిమంది మీద చేసిన పరిశీలనలే. కాబట్టి "వేస్తే గ్యారంటీగా ఆగిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. "మిగతావి పనిచేయలేదు, ఇది ప్రయత్నించదగ్గదే" అన్నంతవరకే నిజం.

ఇప్పుడు మొదటి సంగతి. పాంక్రియాస్ క్యాన్సర్‌లో రక్తం రావడానికి దారులు చాలానే ఉన్నాయి. గడ్డ పక్కనే పోయే గ్యాస్ట్రోడుయోడినల్ అనే ధమనిని క్యాన్సర్ తొలిస్తే అక్కడ గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. అది చిట్లితే ఊరడం కాదు, ధారగా వస్తుంది. ఒకసారి బాగా వచ్చి, ఆగి, రెండు మూడు రోజులకు మళ్లీ విరుచుకుపడడం దాని లక్షణం. దానికి పేగులో స్టెంట్ వేసి ప్రయోజనం లేదు. తొడ దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి కాయిల్స్‌తో ఆ నాళాన్ని మూసేయాలి, దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. ఇంకో దారి ప్లీహం సిర మూసుకుపోయి జీర్ణాశయంలో సిరలు ఉబ్బడం. దానికి ఎండోస్కోపీలో జిగురు మందు ఇంజెక్ట్ చేస్తారు. మరొకటి చాలామందికి తట్టదు. ఏడు నెలల కిందట పిత్తనాళంలో వేసిన స్టెంట్ కింది కొస పేగులోకి పొడుచుకొచ్చి ఎదురుగోడకు రాసుకుని పుండు చేయొచ్చు. అదే కారణమైతే ఆ కొస సరిచేస్తే సరిపోవచ్చు. మీ డాక్టర్లు ఎండోస్కోపీలో గడ్డ నుంచి ఊరడం కళ్లారా చూశారు కాబట్టి చాలావరకు అదే అయ్యుంటుంది. అయినా కిడ్నీలు బాగుంటే స్టెంట్‌కు ముందు ఒక సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు చూపించే స్కాన్, తీయించమని అడగండి. ధమని పరిస్థితి అందులో తెలిసిపోతుంది.

రెండో సంగతి పిత్తరసం. పిత్తనాళం తెరుచుకునేది సరిగ్గా ఆ డుయోడినమ్‌లోనే. పొర ఉన్న స్టెంట్ ఆ రంధ్రానికి అడ్డంగా కూర్చుంటే పాత స్టెంట్ మూతి మూసుకుపోయి కామెర్లు తిరగబెడతాయి. చలితో జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్, రోజుల్లో కాదు గంటల్లో ప్రమాదం. కాబట్టి డాక్టర్‌ని నేరుగా అడగండి: "రక్తం వచ్చే చోటు పిత్తనాళం మూతికి పైన ఉందా, కిందా? స్టెంట్ దాన్ని కప్పేస్తుందా? కప్పేస్తే పిత్తరసం ఎటు పోతుంది?" పైన ఉంటే మూతి వరకు రాని పొట్టి స్టెంట్ సరిపోతుంది. కప్పక తప్పదంటే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఎండోస్కోప్ కొస నుంచే చేసే స్కాన్) సాయంతో పిత్తరసానికి వేరే దారి చేయొచ్చు. అది కుదరకపోతే చర్మం మీదుగా లివర్‌లోకి గొట్టం వేసి బయటికి తీయాలి. పక్కన సంచి వేలాడుతూ బతకడం నాన్నగారికి ఇష్టమో కాదో ముందే ఆలోచించుకోవాల్సిన విషయం.

పని పెద్దగా సేపు పట్టదు, ఎక్కువసార్లు గంటలోపే అయిపోతుంది. మత్తు ఇస్తారు. కడుపులో రక్తం, అరగని అన్నం ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందు ముక్కులోంచి గొట్టం వేసి ఖాళీ చేయొచ్చు, శ్వాసకు గొట్టం కూడా పెట్టొచ్చు. ఆ గొట్టాలు చూసి హడలిపోకండి. పేగుకు చిల్లు పడడం అరుదు, కానీ పడితే ఈ దశలో ఆపరేషన్ తట్టుకోవడం కష్టం. స్టెంట్ జారిపోవచ్చు, దాని అంచు ఒరుసుకుని మళ్లీ రక్తం రావొచ్చు, అన్నం ఇరుక్కుని మూసుకుపోవచ్చు. సంతకం పెట్టేముందు ఇవన్నీ చెప్పించుకోండి.

ఒకవేళ స్టెంట్ కుదరదన్నారనుకోండి, దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో రక్తం ఆపే పౌడర్ చల్లుతారు. బాగానే పనిచేస్తుంది కానీ ఒకరోజులో ఊడిపోతుంది, ఇంకో ఏర్పాటు చేసుకునేదాకా ఆదుకోవడానికి పనికొస్తుంది. మన దగ్గర అంతగా గుర్తుకు రానిది రేడియేషన్. క్యాన్సర్‌ను నయం చేయడానికి ఇచ్చే ఐదారు వారాల రేడియేషన్ కాదు. రక్తం ఆపడానికి ఒకే ఒక్క రోజు, లేదంటే ఐదు రోజులు ఇస్తారు. ఫలితం కనబడడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది కాబట్టి ధారగా పోతున్నప్పుడు పనికిరాదు. మీ నాన్నగారిలా మెల్లగా ఊరే రక్తానికి మాత్రం మంచి మార్గం. స్టెంట్ వేశాక కూడా ఇవ్వొచ్చు. మీ ఆసుపత్రిలో రేడియేషన్ విభాగం లేకపోతే ఎవరూ దాని పేరెత్తకపోవచ్చు, మీరే అడగండి.

రక్తం ఎక్కిస్తూ పోతే సరిపోదా అని కొందరు అనుకుంటారు. ఒక బాటిల్‌కు హిమోగ్లోబిన్ సుమారు ఒక పాయింట్ పెరుగుతుంది. 7కు తగ్గితే ఎక్కించడం మామూలు పద్ధతి, గుండెజబ్బు ఉంటే 8. నంబర్ ఎంతున్నా మనిషికి ఆయాసం, కళ్లు తిరగడం ఉందా అన్నదే ఈ దశలో నేను చూస్తాను. 10కి తేవాలని పట్టుబట్టి బాటిల్ మీద బాటిల్ ఎక్కించడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. రక్తం గడ్డకట్టేలా చేసే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాయమని మీ అన్నయ్య ఎక్కడో చదివి అడగొచ్చు. జీర్ణాశయం, పేగుల రక్తస్రావంలో దాన్ని వేలమందికి ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు తగ్గలేదు, పైగా సిరల్లో రక్తం గడ్డకట్టడం పెరిగింది. ఇప్పటికే కాలిలో గడ్డకట్టిన మనిషికి అది వద్దు.

అన్నట్టు, ఆ పొట్ట మీద ఇంజెక్షన్ సంగతి ఈ రోజే తేల్చుకోండి. రక్తం పలచబడే మందు అది. విరేచనం నల్లగా అవుతుంటే తర్వాతి డోసు ఇచ్చేముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మామూలుగా ఆపమనే అంటారు. కాలిలో గడ్డకట్టి నెల కూడా కాకపోతే అది ఊపిరితిత్తులకు పోకుండా పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టే ఆలోచన కూడా చేస్తారు. ఎటూ తేల్చకుండా ఒకవైపు రక్తం ఎక్కిస్తూ, ఇంకోవైపు అది ఆగకుండా చేసే ఇంజెక్షన్ ఇస్తూ పోవడం మాత్రం కుదరదు. అలాగే నడుంనొప్పి అని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ తెచ్చి వేస్తున్నారేమో చూడండి. ఈ జబ్బులో నొప్పి వెన్నులోకి పాకుతుంది, కాబట్టి చాలా ఇళ్లలో ఇవి ఉంటాయి. ఆ స్ట్రిప్పులు తీసి పారేయండి. నొప్పికి పారాసిటమాల్, అది చాలకపోతే మార్ఫిన్ ఉన్నాయి. మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందని భయపడతారు. ఈ పరిస్థితిలో ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకానికి మాత్రం దాంతోపాటే మందు రాయించుకోండి.

ఐరన్ టాబ్లెట్లు వేస్తుంటే వాటివల్ల కూడా విరేచనం నల్లబడుతుంది. తేడా ఇలా పట్టుకోవచ్చు. ఐరన్ వల్ల అయితే గట్టిగా, ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపులో ఉంటుంది. రక్తం వల్ల అయితే తారులా జిగటగా, మెరుస్తూ, నీళ్లు కొట్టినా ఒకపట్టాన వదలకుండా ఉంటుంది, వాసన కూడా భరించలేనట్టు ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. అమ్మగారికి ఇది చెప్పి ఉంచండి, బాత్‌రూమ్ సంగతి ఆవిడకే ముందు తెలుస్తుంది.

మీ అన్నయ్య అడిగిన కీమో గురించి. లివర్‌కు పాకిన పాంక్రియాస్ క్యాన్సర్‌లో ఫోల్ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కీమోతో సగం మంది 11 నెలలు దాటి బతికారని, జెమ్‌సిటాబిన్ అనే మందు ఒక్కటే ఇచ్చినవాళ్లలో అది 7 నెలల లోపేనని 2011లో తేలింది. ఆయన చూసి ఉండేది ఇలాంటి అంకెలే. కానీ ఆ అధ్యయనంలోకి తీసుకున్నది తమ పనులు తాము చేసుకుంటూ లేచి తిరగగలిగిన వాళ్లను మాత్రమే. రక్తం పోతూ, తిన్నది నిలవక, పగలు సగానికి పైగా మంచంలోనే ఉన్న మనిషికి కీమో పెడితే ఉన్న ఓపిక కూడా పోతుంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం పోవడం ఇంకా పెరుగుతుంది. స్టెంట్ వేసి, నాలుగు ముద్దలు తిని, లేచి తిరిగితే అప్పుడు ఆంకాలజిస్ట్‌ని (క్యాన్సర్ డాక్టర్‌ని) అడగండి, ఇప్పుడు కాదు. స్టెంట్ క్యాన్సర్‌కు మందు కాదని కూడా ఆయనకు చెప్పండి. అది ఇచ్చేది ఆసుపత్రి చుట్టూ తక్కువ తిరుగుడు, నోటితో తినగలగడం. దూరంగా ఉన్న బిడ్డకు "ఏదైనా చేయండి" అనడం తప్ప చేతిలో ఏమీ ఉండదు, అందుకే ఆ కంగారు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు వీడియో కాల్‌లో ఆయన్ని కూడా కూర్చోబెట్టండి. మీ మధ్య సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

బాబాయిగారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. కాకపోతే ఆయన స్టెంట్ ఒకవైపు, ఇల్లు ఒకవైపు అనుకుంటున్నారు. స్టెంట్ వేయించేదే ఇంటికి పంపడానికి. అన్నీ కుదిరితే రెండు మూడు రోజుల్లో ఇంట్లో ఉంటారు. అదే మంచం దిగలేని స్థితికి వచ్చి, మాట తడబడుతూ, రోజులు లెక్కపెట్టుకునే దశలో ఉంటే నేనే వద్దంటాను. అప్పుడు బాబాయిగారిదే సరైన మాట. మీరు రాసినదాన్నిబట్టి ఆయన ఇంకా ఆ దశకు రాలేదు.

ఇక నాన్నగారికి "పేగులో పుండు" అని చెప్పిన సంగతి. జుట్టు రాలే కీమో, నాలుగైదు స్కాన్లు, ఇంట్లో గుసగుసలు చూసిన మనిషికి ఏమీ తెలియదని అనుకోకండి. చాలామంది రోగులు పిల్లలు బాధపడతారని తెలియనట్టు నటిస్తుంటారు. జబ్బు పేరు చెప్పమని నేను అనడం లేదు. "నాన్నా, జబ్బు గురించి నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది? డాక్టర్ లోపల ఒక గొట్టం వేద్దామంటున్నారు, నీకిష్టమేనా?" అని ఒక్కసారి అడిగి చూడండి. "అవన్నీ మీరే చూసుకోండి" అంటే అదీ సమాధానమే. "నాకింక ఏమీ వద్దురా" అంటే పైన నేను రాసిందంతా పక్కన పెట్టేయాలి.

స్టెంట్ వేశాక తిండి దగ్గర అమ్మగారికి కొంచెం కష్టమే. మొదటిరోజు నీళ్లు, మజ్జిగ, పలచటి గంజి. తర్వాత మెత్తగా జారుగా కలిపిన పప్పన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, మిక్సీలో వేసిన కూర. మునక్కాయ, తోటకూర కాడలు, కొబ్బరి, మొక్కజొన్న, మాంసం ముక్క, కమలా తొనల మీది తొక్క వద్దు, ఇవి గొట్టంలో అడ్డం పడతాయి. ఆవకాయ అడిగితే టెంకముక్క తీసేసి ఊట మాత్రం కలపండి. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టి, తిన్నాక అరగంట కూర్చోబెట్టండి.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను, రాయడమే మంచిది. ఏం చేసినా ఒకోసారి రక్తం ఒక్కసారిగా, ఎక్కువగా వచ్చే అవకాశం ఉంటుంది. అలా వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలా, ఇంట్లోనే ఉంచాలా అన్నది ఆ అర్ధరాత్రి తేల్చుకునేది కాదు. ముందే నలుగురూ మాట్లాడుకుని డాక్టర్‌తో రాయించుకోండి. ఇంట్లోనే అనుకుంటే మెరూన్‌దో, నల్లటిదో నాలుగు ముదురు రంగు తువ్వాళ్లు మంచం దగ్గర పెట్టుకోండి. తెల్లగుడ్డ మీద కనిపించే రక్తం రోగినీ, ఇంట్లో వాళ్లనీ బెదరగొడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి చెయ్యి పట్టుకుని ఉండాలి. బెదురు తగ్గించి నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఒకటుంది, ఎవరు చేస్తారో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించి చూసుకునే సేవ) వాళ్లతో ముందే ఏర్పాటు చేసుకోండి. మీ దగ్గర్లో ఆ సేవ ఎక్కడుందో మీ ఆంకాలజీ విభాగంలో అడగండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం చాలా ఏళ్లుగా ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత సీటీ సీడీ, పిత్తనాళం స్టెంట్ వేసిన రోజు ఇచ్చిన కాగితం, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పాత స్టెంట్ పొడవు, పొర ఉందా లేదా అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది, అది వాళ్లకు అవసరం. స్టెంట్, మంచం, రక్తం అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే రాసిమ్మని అడగండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేరకు వస్తుందో ఆసుపత్రిలోని ఆ కౌంటర్‌లో కనుక్కోండి. ఈలోగా రక్తం వాంతి అయినా, చెమటలు పట్టి లేవలేకపోయినా, చలిజ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.